పాత గొడ్డలి: ఆనవాళ్లు, మరమ్మతు

"ఇంటి పనిముట్లు" శీర్షికలో ఇంతవరకు తిరగలి, కత్తిపీట, ఇత్తడి బిందె వచ్చినవి. ఈ నెల గొడ్డలి వంతు. దీనిని నేను ఎన్నుకొనలేదు. హోసూరు ప్రాంతమునుండి ఒక పాఠక సోదరుడు వ్రాసిన ఉత్తరము ఎన్నుకొన్నది. వారి తాతగారి గొడ్డలి తల ఒకటి అటకమీద దొరికినదట. కామ లేదు, నిండ తుప్పు. పాత మంచపు పట్టీలతోపాటు తూకానికి వేసెదనని పెద్దకొడుకు అంటున్నాడట. వీధి చివరి వెల్డింగు దుకాణమువాడు, చక్రముమీద పట్టి వెండివలె మెరయజేసి ఇచ్చెదనన్నాడట. తల్లిగారు మాత్రము రెండును వద్దన్నారట. "ఏమి చేయుట?" అని ప్రశ్న.

తల్లిగారి మాటయే సరియైనది. తూకానికి వేసినచో వచ్చునది ఒకరి కాఫీ ఫలహారములకు చాలును. చక్రము క్రింద పెట్టినచో గొడ్డలి మిగులును గాని తాతగారు మిగలరు. ఈ రెండవ మాట ఎందుకన్నానో వివరించుటకే ఈ నెల వ్యాసము.

మన గొడ్డలిని తమిళులు కోడాలి అందురు, కన్నడిగులు కొడలి అందురు. మూడును ఒక తల్లి బిడ్డలవలె వినవచ్చును. మరాఠీవారు కుర్హాడ్ అనియు, ఒడియావారు కురాఢి అనియు అందురు. ఒడిశా కొండసీమలలో భుజాన వేసికొని తిరుగు గొడ్డలికి టాంగియా అని పేరు. మనవారు ఏ సీమలో కాపురమున్నను ఇంట ఒక గొడ్డలి ఉండెడిది. వంటచెరకు కాలము పోయి గ్యాసు వచ్చినది గనుక అది అటక ఎక్కినది. ఇప్పుడు ఇల్లు మారునప్పుడో, పాత ఇల్లు పడగొట్టునప్పుడో బయటపడుచున్నది.

మూడు చేతివ్రాతలు

నేను కాగితముల మధ్య ఉద్యోగము చేయువాడను. ఏ దస్తరము వచ్చినను మొదట ముద్ర, తారీఖు, సంతకము చూచుట మా వృత్తిధర్మము. గొడ్డలిని కూడ అట్లే చూడవలెనని నా మనవి. ప్రతి పాత గొడ్డలిలోను మూడు చేతివ్రాతలు ఉండును. మొదటిది చేసినవానిది, అది ముద్రలోను, కన్ను ఆకారములోను ఉండును. కన్ను అనగా కామ దూరు రంధ్రము. రెండవది కమ్మరిది, అది అంచున వేసిన ఉక్కులో ఉండును. మూడవది వాడినవానిది, అది అరుగుదలలో ఉండును. బాగుచేయుట యనగా ఈ మూడింటిని చెరపకుండ గొడ్డలిని మరల పనికి తెచ్చుట. తీసివేసిన ఇనుమును తిరిగి పెట్టువాడు లేడు గనుక ముందు చూపు, తరువాత చేయి.

మొదట తూచుడు. పొడవు, అంచు వెడల్పు కొలిచి వ్రాసికొనుడు. రెండు ప్రక్కల ఫొటో తీయుడు. ఇవన్నియు కాగానే కిరసనాయిలు గాని కుట్టుమిషను నూనె గాని పూసి ఒక రాత్రి ఉంచి, మరునాడు కొబ్బరిపీచుతో మెల్లగా తుడువుడు. ఇటుకపొడి వద్దు; అది తుప్పుతోపాటు అక్షరములను కూడ తినివేయును. తరువాత గది చీకటి చేసి, సెల్‌ఫోను దీపమును గొడ్డలి ప్రక్కనుండి ఏటవాలుగా పట్టుడు. ఎదురుగా పట్టినప్పుడు కనబడని అక్షరములు ఏటవాలు వెలుగులో నీడ తేలి కనబడును. అప్పటికిని చదువరానిచో పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దుడు. పిల్లలు నాణెములమీద కాగితము పెట్టి రుద్దు ఆటయే ఇది.

ముద్రలు ఏమి చెప్పును?

మన ప్రాంతములలో దొరకు విదేశీ గొడ్డళ్లలో ఇంగ్లీషువి హెచ్చు. ఎల్వెల్ అని ఉన్నచో వెడ్నెస్‌బరీ ఊరి కార్ఖానాది. బ్రేడ్స్ అని ఉన్నచో ఓల్డ్‌బరీలోని విలియం హంట్ కంపెనీవారిది; తాపీపనివారు మెచ్చుకొను డబ్ల్యు.హెచ్.ఎస్. తాపీ కూడ వారిదే. గిల్పిన్ అన్నది కానక్ ప్రాంతపు పేరు. ఇవన్నియు ఇంగ్లండు నడిబొడ్డున, బొగ్గు ఇనుము దొరకు సీమలోని ఊళ్లు. షెఫీల్డు అను ఊరిపేరు కూడ తరచు కనబడును. కాలిన్స్, హార్ట్‌ఫర్డ్ అని ఉన్నచో అమెరికా సరకు. ఆ కంపెనీ 1826లో పుట్టి 1966లో మూతపడినది. హుల్ట్స్ బ్రూక్ అన్నది స్వీడను దేశములో 1697లో నెలకొన్న కార్ఖానా.

అంబుమొన వంటి మూడుగీతల గుర్తు ఉన్నచో అది బ్రిటిషు సర్కారు సొత్తని అర్థము. దానిక్రింద సంవత్సరము కూడ కొట్టియున్నచో అదృష్టమే; తారీఖుకై వేరే వెదుకనక్కరలేదు. ఇట్టివి పటాలముల సామాను వేలమునకు వచ్చినప్పుడు ఇండ్లకు చేరియుండును.

సంవత్సరము లేనప్పుడు చట్టములు సాయపడును. సరకుపై తప్పుడు గుర్తులు వేయరాదని ఇంగ్లండులో 1887లోను, మన దేశములో 1889లోను చట్టములు వచ్చినవి. అప్పట్లో షెఫీల్డు పేరు దొంగతనముగా కొట్టి అమ్మువారు బయలుదేరినందుననే ఆ గొడవ. సరకుమీద దేశము పేరు కొట్టు అలవాటు ఆ తరువాతనే హెచ్చినది. పశ్చిమ జర్మనీ అని ఉన్నచో 1949కి, 1990కి నడుమ చేసినదని కండ్లు మూసికొని చెప్పవచ్చును. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నచో 1952 నాటి చట్టమునకు తరువాతిది. ఆగ్రికో అని ఉన్నచో జంషెడ్‌పూరు టాటావారి సరకు.

అంకె ఒకటి ఉన్నచో అది తరచు తూకము. 3, 3½, 4 అని ఉన్నవి పౌనులు. మన దేశములో మెట్రికు తూకములకు 1956లో చట్టము వచ్చి, 1958 నుండి మెల్లమెల్లగా అమలులోనికి వచ్చినవి. పౌనుల అంకె ఉన్న గొడ్డలి అంతకు ముందుదై ఉండుటకు అవకాశము హెచ్చుగాని, విదేశములనుండి తరువాత వచ్చినదియు కావచ్చును. కొందరు తయారీదారులు తూకము గాక తమ సైజు నంబరు కొట్టెడివారు. అందువలన అంకెను నమ్ముటకు ముందు త్రాసును అడుగవలెను.

ఇందులో ఒక ముచ్చట ఉన్నది. ముద్ర 4 అని చెప్పుచుండగా త్రాసు 1 కిలో 500 గ్రాములు చూపినదనుకొనుడు. 4 పౌనులనగా 1 కిలో 814 గ్రాములు. తక్కిన 300 గ్రాములకు పైగా ఏమైనది? కొంత తుప్పు తినినది. మిగిలినది కట్టెలమీదను సానరాయిమీదను పోయినది. ఆ తరుగు మన పెద్దల కష్టము లెక్క.

ముద్ర లేని గొడ్డలి

ముద్ర లేదని చిన్నబుచ్చుకొనరాదు. మన ఇండ్లలోని గొడ్డళ్లలో ఎన్నో ఊరి కమ్మరి చేసినవే. వాని కన్ను తరచు గుండ్రముగా ఉండును. ఇనుప పట్టీని ఎఱ్ఱగా కాల్చి, కడ్డీచుట్టు మడిచి, రెండు కొనలు కలిపి సమ్మెటతో అతికించుట వారి పద్ధతి. ఆ అతుకు గీత కన్నుకు ముందుభాగమున సన్నగా కనబడును. అది లోపము కాదు, అదియే సంతకము. ఇంగ్లీషు గొడ్డలి కన్ను కోడిగ్రుడ్డువలె కోలగా ఉండును. వెనుకతట్టు బరువుగా, చదునుగా ఉండును. మన గొడ్డలికి వెనుకతట్టు పలుచన.

కామ ఎక్కించు తీరు కూడ వేరు. ఇంగ్లీషుదానికి కామను క్రిందనుండి దూర్చి, పైన చీల కొట్టవలెను. గుండ్రని కన్నుగల మనవానిలో చాలవానికి కామ పైనుండి దిగును. కామ తలవైపు లావుగా ఉండును గనుక విసరినకొలది తల బిగియును. ఈ తేడా తెలియక మార్చి బిగించినచో ప్రాణముమీదికి వచ్చును.

అంచును ప్రక్కనుండి చూడుడు. రెండువైపులను సమముగా వాలియున్నచో కట్టెలు కొట్టు గొడ్డలి. ఒకవైపు చదునుగాను, ఒకవైపు మాత్రమే వాలుగాను ఉన్నచో అది దూలములు చదునుచేయు వడ్రంగపు గొడ్డలి. అరిగిపోయినదనుకొని దానిని రెండువైపుల సానబట్టించినచో ఆ పనిముట్టు జాతి మారిపోవును. అట్లు చేయరాదు.

ఉక్కు ఎక్కడ ఉన్నది?

కొన్ని గొడ్డళ్లపై కాస్ట్ స్టీల్ అని ఉండును. దీనిని చూచి పోతపోసిన పెళుసు ఇనుమని తీసిపారవేయువారు కలరు. అది కాదు. ఇది మూసలో కరగించిన మేలైన ఉక్కు. షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు 1740 ప్రాంతములలో ఆ పద్ధతిని సాధించినాడు.

మూస ఉక్కు మనకు అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే తెలియును. నేటి తెలంగాణములోని కోనసముద్రమునను, తమిళనాట సేలము సీమలోను మూసలలో ఉక్కు వండెడివారు. కోనసముద్రపు ఉక్కు కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ ఊరి పద్ధతిని కండ్లారా చూచి వోయిసీ అను దొర వ్రాసినది 1832లో అచ్చయినది. దొరలు దానిని వూట్జ్ అన్నారు. ఆ మాట మన ఉక్కునుండియే పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. ఇంకొక విచిత్రము వినుడు. మద్రాసు సర్కారు కొలువులో ఉండిన జోషయా హీత్ అను ఆయన 1830 ప్రాంతములలో పరంగిపేటలో ఇనుప కార్ఖానా పెట్టినాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, మూస ఉక్కులో మాంగనీసు కలిపినచో అది సాగి అతుకునని 1839లో పేటెంటు పుచ్చుకొన్నాడు. షెఫీల్డువారు ఆయనకు రుసుము చెల్లించకుండ ఆ కిటుకును వాడుకొన్నారు. ఆయన వ్యాజ్యములలో నలిగిపోయినాడు.

అంతమాత్రమున మీ అటకమీది గొడ్డలి వూట్జ్ ఉక్కుతో చేసినదని అనుకొనవద్దు. అట్లని చెప్పి అధిక ధరకు అంటగట్టువారినీ నమ్మవద్దు.

ఉక్కు ఖరీదైన కాలములో గొడ్డలి అంతయు ఉక్కుతో చేసెడివారు కారు. ఒళ్లు మెత్తని ఇనుము. అంచున మాత్రము ఉక్కు ముక్క. ఇనుమును చీల్చి నడుమ ఉక్కు పెట్టి అతికించుట ఒక పద్ధతి, మీద కప్పి అతికించుట ఇంకొక పద్ధతి. ఊరి కమ్మరియు ఇట్లే చేయును. ఉక్కు అరిగిపోయినప్పుడు "ఉక్కు వేయించుకొని రా" అని గొడ్డలిని పంపెడివారు. ఆ ఉక్కు వెడల్పు రెండు వ్రేళ్లకు మించదు. అది అయిపోయిన తరువాత ఎంత సానబట్టినను పదును నిలువదు. చక్రమువాడు మెరుపుకొరకు తీసివేయునది ఈ రెండు వ్రేళ్ల ఆస్తినే.

తుప్పు వదలించుట

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అని సామెత. గొడ్డలికే ఈ సామెత ఇంత చక్కగా పనికివచ్చునని నాకు ఇదివరకు తట్టలేదు. పీచుతో పోవు తుప్పునకు తీగ బ్రష్షు వద్దు. తీగ బ్రష్షుతో పోవుదానికి ఆకురాయి వద్దు. ఇనుము కోసే కరెంటు చక్రము ఎందుకును వద్దు.

పాత ఎఱ్ఱరంగు ఉన్నచో దానిని పొడిగా గీకి ధూళి లేపరాదు. ఆనాటి ఎఱ్ఱరంగులలో సీసము ఉండెడిది. తడిపి తీసి, ఆ మురికిని పిల్లలకు అందకుండ పారవేయుడు.

మొండి తుప్పునకు వంటింటి వెనిగర్ చాలును. గొడ్డలిని ప్లాస్టిక్ గిన్నెలో పెట్టి మునుగునట్లు పోసి, సాయంత్రము పెట్టి ఉదయము తీయుడు. నడుమ ఒకసారి చూచుట మంచిది. రోజులకొలది వదలివేసినచో పులుపు తుప్పును దాటి ఇనుమును తినును. ముద్రయే మొదట పోవును. చింతపండు పులుసుకు ఇత్తడిమీద ఉన్నంత బలము ఇనుప తుప్పుమీద లేదు. తీసిన వెంటనే నీటితో కడిగి, వంటసోడా కలిపిన నీటిలో ముంచి, గుడ్డతో తుడిచి, ఎండలో వెచ్చబడువరకు ఆరబెట్టుడు. తడి ఉండగా వదలినచో గంటలో పసుపుపచ్చని తుప్పు మరల పట్టును. ఆరిన వెంటనే ఆముదము గాని మిషను నూనె గాని పలుచగా పూయుడు.

వెనిగర్ నుండి తీసిన క్షణమున గొడ్డలిని తప్పక పరిశీలించుడు. ఉక్కు భాగము నల్లగాను, మెత్తని ఇనుము తెల్లగాను వేరుపడి కనబడును. పాత ఇనుమైనచో మ్రానుపొరలవంటి చారలు కూడ తేలును. ఇదిగో, మన రెండవ చేతివ్రాత. ఉక్కు ఇంకను ఎంత మిగిలియున్నదో అప్పుడే ఫొటో తీసికొనుడు. వ్రేలెడు ఉన్నచో మనుమల కాలమువరకు వచ్చును. గోరంత ఉన్నచో అంచు జోలికి పోక దాచుకొనుడు; లేక కమ్మరి ఉన్నచో ఉక్కు వేయించుడు.

నిప్పు, పగులు

కన్నులో విరిగిన కామ ముక్క ఉన్నచో గొడ్డలిని పొయ్యిలో వేసి కాల్చుట పల్లెలలో అలవాటు. ఇది మానవలెను. అంచునకు కమ్మరి పెట్టిన పదను సుమారు 220 నుండి 300 డిగ్రీల వేడిలో కుదిరినది. నిప్పుకణికల వేడి 600 దాటును. కామ కాలుటయు, పదను పోవుటయు ఒకేసారి జరుగును. బదులుగా, కామను తల మొదట రంపముతో కోసి, నడుమ రెండు మూడు రంధ్రములు తొలిచి, ముక్కను తట్టి తీయుడు. క్రిందనుండి ఎక్కించిన కామను క్రిందనుండి పైకి తట్టవలెను. పైనుండి దింపినదానిని మరల పైకే తట్టవలెను. రెండింట కన్ను వెడల్పు పైననే.

చక్రముమీద పట్టినప్పుడు అంచు గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, తరువాత నీలము తిరుగును. నీలము వచ్చినదంటే అక్కడ ఉక్కు మెత్తబడినదని అర్థము. చూచుటకు నెమలికంఠమువలె ఉండును గాని అది చావు రంగు. వీధిలో వచ్చు సానవానిచేత పట్టించినచో క్షణక్షణము నీటిలో ముంచమనుడు. వ్రేలు ఆనించలేనంత వేడెక్కనీయరాదు.

ఇక పగులు. తలను దారముతో వ్రేలాడదీసి చిన్న కడ్డీతో తట్టుడు. గంటవలె మ్రోగినచో మంచిది. పగిలిన కుండవలె పలికినచో అనుమానింపవలెను. కన్నుచుట్టు కిరసనాయిలు పూసి, శుభ్రముగా తుడిచి, సుద్దపొడి అద్ది కొంతసేపు ఆగుడు. పగులు ఉన్నచో లోపలి నూనె పైకి ఊరి, సుద్దపై తడిగీత గీయును. కన్ను పగిలిన గొడ్డలిని ఏ వెల్డింగుతోను నమ్మరాదు. గోడకు తగిలించి నమస్కరించుడు, విసరవద్దు.

వెనుకతట్టు సుత్తివలె వాడినందున పుట్టగొడుగువలె విచ్చియున్నచో ఆ అంచులు ఎగిరి కంటిలో పడగలవు. పెదవి మేరకు ఆకురాయితో తీసివేయుడు. అంతకు మించి చదునుచేయవద్దు. ఆ దెబ్బలు కూడ చరిత్రయే.

పదును

ఇప్పుడు మూడవ చేతివ్రాత, అనగా వాడినవానిది. గొడ్డలి అంచు రెండు మూలలును చూడుడు. చేతికి దూరముగా ఉండు మూల ఎక్కువ అరిగియున్నచో, నేలమీది దుంగలను కొట్టునప్పుడు అది మన్నును రాళ్లను తాకియుండును. ఒక చెంపయే నునుపు తేలియున్నచో, ఎల్లప్పుడు ఒకేవైపునుండి సానబట్టిన చేయి అది. పటములో పడని తాతగారి భుజము తీరు ఇక్కడ పడియున్నది. కొత్త గొడ్డలివలె మూలలు సరిచేయించినచో ఆ తీరు పోవును. దానితో వ్రేలెడు ఉక్కు కూడ పోవును. అందువలన ఉన్న వంపును ఉన్నట్లే అనుసరించి పదును పెట్టుడు. చిన్న నొక్కులు అన్నియు పోవలసిన పని లేదు. ఒకటి రెండు మిగిలినను కట్టె తెగును.

ముందు ఆకురాయిని అంచుపై ఒకసారి నడిపి చూడుడు. గాజుమీదవలె జారినచో అంచు అతిగా గట్టి, పెళుసుది. కొంచెము పట్టుచు కదలినచో సరియైన పదను. వెన్నవలె తెగినచో ఉక్కు అరిగియైనను ఉండవలెను, వేడికి చచ్చియైనను ఉండవలెను. గొడ్డలిని వైసులో బిగించి, చేతికి తోలు తొడుగు వేసికొని, ఒకేవైపు నడుపుడు. ముందుకు వెనుకకు రుద్దరాదు. అంచు కోణము 25, 30 డిగ్రీల నడుమ ఉండవలెను. మంగలికత్తివలె పలుచన చేసినచో మొదటి ముడి తగులగానే విరుగును. తరువాత సానరాయిమీద నీరు పోసి గరుకువైపు, నునుపువైపు క్రమముగా త్రిప్పుడు.

కామ

తుమ్మ కామ మనకు అనాదిగా వచ్చినది. చిరుమాను దొరకు అడవిసీమలవారు దానినే మెచ్చుదురు. ఏ కర్ర అయినను బాగుగా ఆరియుండవలెను. పచ్చికర్ర బిగించిన నాడు గట్టిగానే ఉండును. నెల తిరుగునప్పటికి కుంచించుకొని తల కదలును. కర్ర పొరలు గొడ్డలి అంచు నడచు దిక్కునకే నడవవలెను. అడ్డముగా నడచినచో విరుగును.

క్రిందనుండి ఎక్కించు కామకు, కన్ను లోతులో మూడింట రెండువంతులు చీలిక కోసి, ఎండిన గట్టిచెక్క చీలను కొట్టవలెను. ఇనుప మేకులు కొట్టుట, తల ఊగినప్పుడెల్ల నీటిలో నానబెట్టుట మంచివి కావు. నానిన కర్ర ఉబ్బి, కన్ను గోడలకు ఒత్తుకొని నలుగును. ఆరినప్పుడు మునుపటికంటె వదులగును. పెరటిలో పిల్లలు ఆడుచుండగా ఊడివచ్చిన తల ఏమి చేయునో చెప్పనక్కరలేదు. విసరుటకు ముందు ప్రతిసారి తలను చేతితో కదిపిచూచుట నియమముగా పెట్టుకొనుడు.

కామకు అవిసెనూనె పట్టించుట మంచిది. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలపడవేయవద్దు. అవిసెనూనె గుడ్డ తనంత తానే వేడెక్కి అంటుకొనగలదు. బయట పరచి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచి పారవేయుడు.

చేయి పెట్టరానివి

ఒక హెచ్చరిక. బళ్లారి దగ్గరి సంగనకల్లు, కుప్పగల్లు కొండలమీద కొత్త రాతియుగపు మనుష్యులు నల్లరాతి గొడ్డళ్లు చేసిన తావులు ఉన్నవి. అట్టి రాతి గొడ్డలి గాని, రాగి గొడ్డలి గాని పొలములోనో పునాదిలోనో బయటపడినచో పైన చెప్పిన ఏ పనియు చేయరాదు. కడుగుట కూడ వద్దు. దొరికిన చోటు, లోతు వ్రాసి, పురావస్తు శాఖవారికి గాని కలెక్టరు కచ్చేరికి గాని తెలుపవలెను. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము, 1972 నాటి పురావస్తువుల చట్టము ఇట్టివానికి వర్తించును. మన ఇంటి గొడ్డలికి మన ఇల్లే కథ. దానికి దొరికిన నేలయే కథ.

చివరకు ఒక చిన్న పని మిగిలినది. దీనికి ఆకురాయి అక్కరలేదు. గొడ్డలి బాగైన తరువాత ఒక కాగితముమీద నాలుగు పంక్తులు వ్రాయుడు: తూకము, ముద్ర, ఎవరు వాడినారు, ఏ ఊరిలో. ఇంట పెద్దవారు ఉన్నచో నేడే అడుగుడు. ముద్ర మరి నూరేండ్లు నిలువవచ్చును గాని జ్ఞాపకము నిలువదు. మన పిల్లలలో కొందరికి తెలుగు చదువ రాదు గనుక వారు చదువుకొను లిపిలో కూడ ఒక ప్రతి వ్రాసి, రెంటిని నూనెగుడ్డకు దూరముగా ఒక సంచిలో పెట్టి గొడ్డలితోనే ఉంచుడు.

వచ్చే నెల: దంతపు పిడిగల పాత కత్తెర, పోకలు కత్తిరించు అడకత్తెర. పాఠకులు తమ ఇంట ఉన్నవాని తూకము, ముద్ర వ్రాసి పంపినచో ఉపయోగించుకొందును.